పొయ్యి యెరుగని వంట

వంట యనగానే మనకు ముందుగా పొయ్యి స్ఫురించును. బియ్యమైనను, పప్పైనను, కూరయైనను నిప్పు తగిలిన పిమ్మటనే ఆహారమగునని మన తలంపు. మానవుడు నిప్పును వశపరచుకొనుట నాగరకతకు తొలిమెట్టని పెద్దలు చెప్పుదురు. అది నిజమే. కాని నిప్పుతో పనిలేకయే సిద్ధమగు వంటకములు కూడ మన యిండ్లలో కలవు. ఉగాదినాటి పచ్చడి అట్టిది. శ్రీరామనవమినాటి వడపప్పు అట్టిది. ఈ రెండు పండుగలకును నడుమ ఎనిమిది దినముల యెడము మాత్రమే. రెండును వసంతపు వంటకములు. చిగురు, పువ్వు, కాయ, పండు, గింజ అన్నియు వీనిలో చేరును. వీనిని చేయుటకు ఒక కత్తిపీట, ఒక కోరాము, ఒక మట్టిపాత్ర ఉన్న చాలును.

నిప్పున కొక గుణము కలదు. అది లోపములను కప్పిపుచ్చును. వాడిన వంకాయ యైనను నూనెలో వేగి, కారము పట్టినచో రుచిగనే యుండును. పుచ్చు తీసివేసి వండిన దుంప మేలి దుంప వలెనే కనబడును. పొయ్యి యెరుగని వంటకు అట్టి చాటు లేదు. మామిడికాయ లేతదైన లేతదిగనే, ముదిరినదైన ముదిరినదిగనే తెలిసిపోవును. కొబ్బరి చెడినదైనచో తొలి ముక్కయే చెప్పివేయును. కావున ఆ యేడు నేల యేమి పండినదో, చెట్టు ఏమి కాచినదో ఆ సంగతిని ఈ వంటకము ఉన్నదున్నట్లు మనకు వినిపించును. ఈ విషయమును నేను గ్రహించినది మా కోనసీమలో. అందుచే ముందుగా ఆ సీమను గూర్చి నాలుగు మాటలు చెప్పెదను.

గోదావరీనది ధవళేశ్వరము దాటిన పిమ్మట పాయలుగా చీలును. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ. ఈ రెండు పాయలకును సముద్రమునకును నడుమ ముక్కోణాకృతిలో నున్న నేలయే కోనసీమ. వైనతేయ మను మరియొక పాయ దీని నడుమ పారుచున్నది. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణమున 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట వలన ఇచట కాలువలు పారినవి. అమలాపురము, రాజోలు, కొత్తపేట ఈ సీమలోని ముఖ్యమైన ఊళ్లు. అంబాజీపేట కొబ్బరి వ్యాపారమునకును, రావులపాలెము అరటి వ్యాపారమునకును పేరొందినవి. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఈ సీమ ప్రత్యేకమైన జిల్లా యయ్యెను. ఆ సంవత్సరమే దానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరు పెట్టబడెను.

చైత్రమాసమున ఈ సీమను చూడవలెను. ఒకవైపున దాళ్వా వరి వెన్ను వంచి యుండును. కాలువగట్లపై గానుగచెట్లు లేతయాకులతో మిసమిసలాడుచుండును. పెరటిలో మామిడి పిందె కాయగా మారుచుండును. వేపచెట్టు తెల్లని పూతతో తేనెవాసన వెదజల్లుచుండును. మాఘ ఫాల్గుణములలో ఆకు రాల్చిన చెట్లన్నియు ఒక్కమారుగా చిగిర్చినట్లు తోచును. ఒక్క కొబ్బరిచెట్టు మాత్రము మార్పు లేనట్లు నిలిచియుండును. దాని సంగతి తరువాత చెప్పెదను.

వసంతపు పళ్ళెరమున మొదట చేరవలసినది చిగురు. మా ప్రాంతమున ఆ గౌరవము చింతచిగురునకు దక్కినది. చింతచెట్టు ఎంత ముసలిదైనను దాని చిగురు మాత్రము లేయెరుపు రంగున, వ్రేలితో తాకిన నలిగిపోవునంత లేతగా నుండును. ఆ లేతదనము కొన్ని దినములే యుండును. ఆ పిమ్మట ఆకు పచ్చబడి, నార కట్టును. బడినుండి వచ్చుచు దారిలో గుప్పెడు చిగురు దూసికొని, ఉప్పుకల్లుతో నమలని పిల్లలు ఆనాడు మా ఊర లేరనవచ్చును. చింతచిగురు తరువాత చెప్పదగినది కొత్తిమీర. అది చలికాలపు పైరు. ఎండలు ముదిరినచో త్వరగా పూత పట్టి, ఆకు సన్నబడును. కాని కొబ్బరితోటలోని నీడపట్టున, నూతినీరు అందుచోట మడి కట్టినచో చైత్రము వరకును లేతగా నిలుచును. మా మామ్మ అట్టి మడిని ప్రతియేటను కాపాడుచుండెడిది.

చిగురు తరువాత పువ్వు. వేపపువ్వును చెట్టు నుండి దులిపినచో మొగ్గలు, పుల్లలు కూడ రాలును. అందుచే ఉగాది ముందటి రాత్రి చెట్టుక్రింద శుభ్రమైన వస్త్రము పరచి యుంచుదురు. తెల్లవారుసరికి విచ్చిన పువ్వులు తమంతట తామే రాలియుండును. వానిని అరచేతులలో మెల్లగా నలిపి, చేటలో పోసి చెరిగినచో కాడలు తొలగి, రేకులు మిగులును. చేదు కావలసినదే కాని, ఆ చేదు సుకుమారముగా నుండవలెను. రేకు చేదునకును, కాడ చేదునకును చాల భేదము కలదు.

ఇక కాయలు, పండ్లు. మా తూర్పు తీరమున కొత్తపల్లి కొబ్బరి యను మామిడిరకము ప్రసిద్ధము. పచ్చికాయగా దాని ముక్క కొరికినచో పులుపుతో పాటు కొంత కొబ్బరిరుచి తోచును. మామిడితొక్కలో వగరు కలదు. కావున ఉగాది పచ్చడికి కాయను తొక్కతోనే తరుగవలెను. అరటిలో కర్పూర చక్కెరకేళి, అమృతపాణి మొదలైన రకములు మాకు సులభముగా లభించును. కొత్త చింతపండు అప్పుడప్పుడే గింజ వలిచి గోధుమవన్నెతో అంగడికి వచ్చును. పాతబడిన కొలది అది నల్లబడును. చెరకు గానుగ ఆడిన దినములు అప్పటికి కొలది కాలము క్రిందటివే యగుట వలన కొత్త బెల్లము కూడ దొరకును. అనకాపల్లి బెల్లపు అంగడి దేశమంతటను పేరు గాంచినది కదా.

మిగిలినవి గింజలు, పప్పులు. ఇందు జీడిపప్పును, వేరుసెనగను, మిరపకాయను గూర్చి ఒక చిత్రమైన సంగతి కలదు. ఈ మూడును మన దేశమున పుట్టినవి కావు. అమెరికా ఖండమున పుట్టి, సముద్రములు దాటి, పోర్చుగీసువారు మొదలైన ఐరోపా నావికుల మూలమున 16వ శతాబ్దము మొదలుకొని మన తీరములకు చేరినవి. చింతచెట్టు సైతము ఆఫ్రికాలో పుట్టినదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కాని అది మనలో ఎంతగా కలిసిపోయినదనగా, అరబ్బులు చింతపండును హిందూదేశపు ఖర్జూరమని పిలిచిరి. ఆంగ్లమున దాని పేరు అందుండియే పుట్టినది. నేడు రాజోలు ప్రాంతపు మోరి గ్రామము జీడిపప్పునకు పేరు పొందినది. కావున మన పండుగపచ్చడి గిన్నెలో పుట్టినింటి పంటలును, పొరుగునుండి వచ్చి మన నేలను తమ యిల్లు చేసికొన్న పంటలును కలిసియే యున్నవి. మిరపకాయ రాకముందు కారమునకు మిరియము వాడిరి. నేటికిని కొందరు పచ్చడిలో మిరియపు పొడియే వేయుదురు.

కొబ్బరి సంగతి ఇంకను చెప్పలేదు. కోనసీమలో కొబ్బరిచెట్టును ఇంటి పెద్దకొడుకుతో పోల్చుదురు. పెద్దకొడుకు వలెనే అది ఏడాది పొడవునను ఇల్లు నడుపును. కొబ్బరిచెట్టు ఇంచుమించుగా నెలకొక గెల వేయును. పూత విచ్చినది మొదలు కాయ ముదురువరకు దాదాపు 12 నెలలు పట్టును. కావున ఒకే చెట్టున నిన్నటి పూతయు, లేత పిందెయు, బొండమును, ముదురు కాయయు ఏకకాలమున కనబడును. ఇందలి విశేషము గమనింపుడు. ఉగాది పచ్చడిలోని చిగురు, పువ్వు, మామిడికాయ ఇవన్నియు క్రొత్తయేటి వస్తువులు. కొబ్బరి మాత్రము నిరుటి ఉగాదికి పూతగా నున్నది. వేసవియెండ, తొలకరి, ముసురు, గాలివాన, మంచు అన్నియు చూచి, ఆ పూత ఈ యుగాదికి కాయగా మన ముందునకు వచ్చును. పాతయేడు తన వంతుగా పచ్చడి గిన్నెలో వేయు ముక్క అదియే.

ఇప్పుడు పచ్చడి చేయు విధమును చెప్పెదను. ఇది మా మామ్మ చేయు పద్ధతి. ఆరుగురకు సరిపోవును. నిమ్మకాయంత కొత్త చింతపండును 2 గ్లాసుల మంచినీటిలో అరగంట నానవేసి, పిసికి, పిప్పి తీసి, రసమును వడగట్టవలెను. అందు 100 గ్రాముల కొత్త బెల్లమును తురిమి వేసి కరిగించి మరల వడగట్టవలెను. బెల్లములో ఒక్కొక్కప్పుడు ఇసుకయు, చెరకుపీచును ఉండవచ్చును. తరువాత ఒక చిన్న మామిడికాయను తొక్కతో సన్నగా తరిగి వేయవలెను. అరచెక్క కొబ్బరిని కోరక, పెసరగింజంత ముక్కలుగా కోసి వేయవలెను. కోరిన కొబ్బరి రసములో కలిసిపోవును. ముక్క యైనచో పంటికి తగిలి, తానున్నానని తెలియజేయును. పిమ్మట నానిన జీడిపప్పు పలుకులు పదియో పండ్రెండో, పచ్చిమిరపకాయ ఒకటి సన్నగా తరిగినది వేయవలెను.

ఉప్పు, అరటిపండు, వేపపువ్వు ఈ మూడును చివరవి. ఉప్పు తగిలిన మామిడిముక్క నీరు వదలి మెత్తబడును. అరటిపండు కోసినంతనే గాలికి నల్లబడనారంభించును. రసములోని పులుపు ఆ నలుపును కొంతవరకు ఆపునే కాని పూర్తిగా ఆపజాలదు. వేపపువ్వు ఎక్కువసేపు నానినచో దాని చేదు పాత్రమంతయు వ్యాపించి, ఇతర రుచులను మ్రింగివేయును. కావున అందరును స్నానములు చేసి, పీటలపై కూర్చుండిన పిమ్మటనే మామ్మ చిటికెడు ఉప్పు, రెండు అరటిపండ్ల ముక్కలు, ఒక చెంచా వేపరేకులు వేసి ఒక్కమారు కలిపెడిది. తీపి, పులుపు, ఉప్పు, కారము, చేదు, వగరు అను ఆరు రుచులును అప్పుడు వేరువేరుగా నాలుకకు తెలియును. కలిసియుండియు తమ తమ గుణమును కోలుపోకుండుటయే ఈ పచ్చడి నేర్పు.

శ్రీరామనవమినాటి వడపప్పు మరింత సులభము. పెసరపప్పు ఒక గ్లాసుడు కడిగి, 2 గంటలు నానవేసి, నీరంతయు వార్చవలెను. గోటితో నొక్కిన పప్పు విరుగవలెనే కాని నలగరాదు. అందు మామిడికోరు, కొబ్బరికోరు, లేత దోసకాయముక్కలు, పచ్చిమిరపకాయ కలుపవలెను. దేవుని నైవేద్యమునకు ఇంతే చాలును. మామ్మ దీనికి కత్తిపీటపై సన్నగా తరిగిన గుప్పెడు కొత్తిమీరయు, నలుపని చింతచిగురును, నానిన జీడిపప్పును చేర్చెడిది. ఆకును ముందుగా తరిగి యుంచినచో వాసన తగ్గిపోవునని, అది కూడ వడ్డన వేళకే తరిగెడిది. తెల్లని కొబ్బరి, పసుపుపచ్చని పప్పు, ఆకుపచ్చని కొత్తిమీర, లేయెరుపు చిగురు కలిసి ఆ పళ్ళెరము పెరటితోటను ఇంటిలోనికి తెచ్చినట్లుండెడిది. ఎండలో నడచి వచ్చినవారికి పానకముతో పాటు ఆ వడపప్పును దోసిలిలో పెట్టుట మా ఊరి మర్యాద.

ఇట్టి వంటకము మనకు మాత్రమే ప్రత్యేకమని తలపరాదు. కన్నడసీమలో ఉగాదినాడు వేపను బెల్లముతో కలిపి తిందురు. మన వడపప్పు వంటి దానిని వారు కోసంబరి యందురు. తమిళులు తమ సంవత్సరాదికి మామిడి, బెల్లము, వేపపువ్వు చేర్చి పచ్చడి చేయుదురు. పాశ్చాత్యదేశములలో పచ్చి ఆకులను, పండ్లముక్కలను, పప్పులను కలిపి సలాడు చేసికొందురు. లాటిను భాషలో ఉప్పునకు గల పేరునుండి ఆ మాట పుట్టినది. మనకు చింతపండు రసము చేయు పనిని వారికి సిర్కా చేయును. యూదులు వసంతమున పస్కా పండుగ జరుపుకొందురు. తమ పూర్వులు ఐగుప్తులో బానిసలై పడిన పాట్లను తలచుకొనుచు వారు ఆ రాత్రి చేదు ఆకులను తిందురు. ఆ ఆకును పండ్లతోను పప్పులతోను చేసిన తీపిముద్దలో అద్దుకొందురు. చూడుడు, ఎంత దూరదేశమో! అయినను చిగురు, పండు, పప్పు అచటను ఒక్కచోట చేరినవి. చేదును దాచక, తీపితో పాటు నాలుకపై నుంచుకొనవలెనను భావము అచటను కలదు.

ఆ భావమును మేము పుస్తకములలో చదివి నేర్చుకొనలేదు. 1997వ సంవత్సరపు ఉగాది మాకు దానిని నేర్పినది.

అంతకుముందు, 1996 నవంబరు 6వ తేదీ రాత్రి, దీపావళికి నాలుగు దినములు ముందుగా, పెనుతుపాను కాకినాడకు దక్షిణమున తీరము దాటి కోనసీమపై విరుచుకొని పడెను. వేయిమందికి పైగా ప్రజలు మరణించిరి. సముద్రముపైకి వేటకు పోయిన మత్స్యకారులలో అనేకులు తిరిగి రాలేదు. ఇండ్లు కూలినవి. తెల్లవారి చూచునప్పటికి ఎచట చూచినను కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పెకలింపబడి, ఒకదానిపై ఒకటి పడియుండెను. కొన్ని నడిమికి విరిగినవి. నిలిచిన చెట్లకు కూడ మొవ్వు మెలిదిరిగి, ఆకులు చీలికలై వ్రేలాడుచుండెను. రాజోలు ప్రాంతమునగల మా చిన్నతోటలో అరువది చెట్లకు తొమ్మిది మాత్రమే నిలిచినవి.

కొబ్బరికాయ ముదురుటకు ఏడాది పట్టునని ముందే చెప్పితిని. చెట్టు నిలిచినను దానిపైనున్న పూతయు, పిందెయు, బొండములును గాలికి రాలిపోయినవి. అనగా రాబోవు సంవత్సరపు కాపు ఒక్క రాత్రిలో నేలపాలైనది. కూలిన చెట్టు సంగతి చెప్పనేల? మా ప్రాంతపు పొడవురకపు మొక్క నాటిన పిమ్మట కాపునకు వచ్చుటకు ఆరేడు సంవత్సరములు వేచియుండవలెను. కొబ్బరిపై బ్రతుకువారు తోటయజమానులు మాత్రమే కారు. చెట్టెక్కి దింపు తీయువారు, కాయ ఒలుచువారు, పీచుతో త్రాళ్లు పేనువారు, ఆకులతో తడికలు అల్లువారు, బండి తోలువారు అందరును ఆ చెట్టునే నమ్ముకొని యుండిరి. ఆ యేడు వారందరి చేతులకును పని తప్పినది.

అట్టి స్థితిలో 1997 ఏప్రిల్ 8వ తేదీన ఈశ్వరనామ సంవత్సరపు ఉగాది వచ్చెను. పండుగ చేయుటయా, మానుటయా యని కొందరు తటపటాయించిరి. మామ్మ మాత్రము ఎప్పటివలెనే తెల్లవారుజామున లేచి, వేపచెట్టు క్రింది వస్త్రమును ఎత్తి చూచెను. ఆ చెట్టు కొమ్మలలో సగము తుపానులో విరిగినవే. మిగిలిన కొమ్మలు గుత్తులు గుత్తులుగా పూచినవి. వస్త్రమంతయు తెల్లగా నిండియుండెను. ఒకే ఒక మామిడిచెట్టు నాలుగు కాయలు కాచెను. అరటిపండ్లు బయటి ప్రాంతమునుండి వచ్చినవి. బెల్లము, చింతపండు అంగడిలో దొరకినవి. కొబ్బరికాయ మాత్రము లేదు. కోనసీమలోని మా యింట ఉగాదినాడు కొబ్బరిముక్క లేకపోవుట అదియే మొదటిసారి.

నిజమునకు ఇంటిలో కాయలు లేకపోలేదు. నూతివద్ద ఇసుకమడిలో ఏడు కాయలు పాతిపెట్టబడి యుండెను. మామ్మ కూలిన చెట్లలో మేలైన దానిని ఎన్నుకొని, దాని ముదురు కాయలను ఏరి, అచట విత్తనమునకై ఉంచినది. అప్పటికి ఐదు నెలలైనందున అవి మొలకలెత్తినవి. మొలకెత్తిన కాయలో తెల్లని గుండ్రని కొబ్బరిపువ్వు ఉండును. అది తియ్యగా, దూదివలె మెత్తగా నుండుటచే పిల్లలకు దానిపై ఎంత మక్కువయో చెప్పనక్కరలేదు. మా చెల్లెలికి అప్పుడు ఆరేండ్లు. అది మామ్మ కొంగు పట్టుకొని, "మామ్మా, అన్ని కాయలున్నాయి గదా, ఒక్కటి కొట్టు. పచ్చట్లోకి కొబ్బరి వస్తుంది, నాకు పువ్వు వస్తుంది" అనెను.

మామ్మ దానిని మడియొద్దకు తీసికొనిపోయి, మొలకను చూపి, "అది కాయ కాదే తల్లీ, చెట్టు. చెట్టును తింటామా?" అనెను.

చెల్లెలు కొంతసేపు ఆ మొలకవైపే చూచి, "అయితే దానికి నీళ్లు పొయ్యాలా?" అని యడిగెను. ఆనాటినుండి ఆ మడికి నీరు పోయుట దాని పని యయ్యెను.

పచ్చడిలో కొబ్బరికి మారుగా ఏమి వేయవలెనను ప్రశ్న వచ్చెను. నాన్నగారు సంతనుండి తెచ్చిన వేరుసెనగగింజలు రాత్రియే నానియుండెను. మామ్మ వానిని గుప్పెడు తీసి గిన్నెలో వేయుచు, "కొబ్బరి పైన కాసింది, గాలి చేతికి చిక్కింది. ఇది మట్టిలో కాసింది, గాలికి కనబడలేదు" అని నవ్వెను. తుపాను పిమ్మట ఆమె నవ్వగా మేము చూచుట అదియే తొలిసారి. నాన్నగారును నవ్విరి. అందరమును పచ్చడి తింటిమి. చేదు ఉండెను; తీపియు ఉండెను. కొబ్బరి లేని లోటు నాలుకకు తెలియుచునే యుండెను. వేరుసెనగ తన రుచిని తాను ఇచ్చినదే కాని, కొబ్బరి ననిపించుకొనుటకు ప్రయత్నింపలేదు. ఆ యేటి సంగతిని ఆ పచ్చడి ఉన్నదున్నట్లు చెప్పినది. లేనిదానిని లేదని చెప్పియు, ఉన్నదానితో పండుగ చేయవచ్చునని మాకు తెలియజేసినది.

ఆ వానకాలమున ఏడు మొలకలను తోటలో నాటితిమి. ఐదు బ్రతికినవి. 2004వ సంవత్సరమున తారణనామ సంవత్సరాదికి వానిలో ఒకటి తొలికాపు ముదురుకాయ ఇచ్చెను. పదుమూడేండ్ల మా చెల్లెలు దానిని కొట్టి, ముక్కలు కోసి, పచ్చడిలో వేసెను. కూలిన చెట్టు ఏడేండ్ల పిమ్మట తన పిల్లచెట్టు చేత మా పచ్చడిలోనికి తిరిగి వచ్చినది. మొలకను ఆనాడే కొట్టియున్నచో ఒక్క పూట రుచి దక్కియుండును. అంతే.

నేడు కోనసీమ తోటలు మరల పచ్చగా నున్నవి. మావారు అనేకులు హైదరాబాదులోను, దూరదేశములలోను నివసించుచున్నారు. వేపచెట్టు బ్రతుకజాలని చలిదేశములలో ఎండబెట్టిన వేపపువ్వును పొట్లములలో కొని పచ్చడి చేసికొందురు. అచట ఉగాది వచ్చునప్పటికి కొన్నిచోట్ల మంచు కూడ కరుగదు. అయినను వారు ఆ ఉదయమున ఆరు రుచులను సమకూర్చుకొనుచున్నారు. దొరకినదానితో చేసికొనుట పచ్చడి స్వభావమునకు విరుద్ధము కాదు. దొరకనిదానిని దొరకినట్లు నటింపకున్న చాలును.

పిల్లలారా, ఈ వంటకమును చేయుటకు మీరు పెద్దవారగువరకు వేచియుండనక్కరలేదు. పొయ్యి భయము లేదు, నూనె చిందునను భయము లేదు. కత్తిపీట వద్ద మాత్రము పెద్దలను దగ్గర నుంచుకొనుడు. వచ్చు ఉగాదికి మీరే వేపపువ్వు ఏరుడు, మీరే చింతపండు నానవేయుడు. గిన్నెలో వేయుటకు ముందు ప్రతివస్తువును కొంచెముగా రుచి చూడుడు. ఇది ఏ చెట్టుది, ఆ చెట్టును ఎవరు నాటిరి, ఎవరు నీరు పోసిరి, దానిని మన యింటికి చేర్చినవారెవరు అని అడిగి తెలిసికొనుడు. ఏదేని వస్తువు ఆ యేడు దొరకకున్నచో ఎందుచేత దొరకలేదో కూడ అడుగుడు. వానలు తప్పినవా, గాలివాన వచ్చినదా, చెట్టునే కొట్టివేసిరా? ఆ ప్రశ్నకు వచ్చు జవాబులో మీ యూరి యేడాది చరిత్ర యుండును. దొరకని ఆ వస్తువు చెట్టునుండి రావలసినదైనచో, తొలకరిలో ఆ చెట్టు మొక్క నొకదానిని నాటుడు. దాని కాయ మీ పచ్చడిలో పడుటకు కొన్ని యేండ్లు పట్టవచ్చును. అంతవరకు దానికి నీరు పోయుచుండుడు.